భిలాయ్ కొలిమి ముందు వాల్టర్ బెంజమిన్

1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్ర ప్రసాద్ భిలాయ్‌లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. సరిగ్గా నాలుగేళ్ల క్రితం, 1955 ఫిబ్రవరి 2న, సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందానికి ఫలమది. అంతకుముందే, 1957 డిసెంబరులో, నిర్మాణ పనులను చూడటానికి వచ్చిన నెహ్రూ ఈ ఊరిని భావి భారతానికి సంకేతంగా అభివర్ణించారు. 1960లో క్రుశ్చేవ్ స్వయంగా వచ్చి చూసి వెళ్లారు. రాష్ట్రపతి, ప్రధాని, అగ్రరాజ్యాధినేత మూడేళ్ల వ్యవధిలో ఒకే కర్మాగారాన్ని సందర్శించారంటే, అక్కడ ఉక్కుతోపాటు మరొకటి కూడా తయారవుతున్నదని అర్థం. అది ఆధునిక భారతదేశపు దృశ్యరూపం.

ఆ దృశ్యాన్ని దేశమంతటికీ చేర్చే యంత్రాంగం అప్పటికే సిద్ధంగా ఉంది. 1948లో ఏర్పడిన ఫిల్మ్స్ డివిజన్ తీసిన వార్తాచిత్రాలను, డాక్యుమెంటరీలను ప్రతి సినిమాహాలులోనూ కథాచిత్రంతోపాటు విధిగా ప్రదర్శించాలన్న నిబంధన ఉండేది. వాటికి తెలుగుతో సహా అనేక భాషల్లో వ్యాఖ్యానం ఉండేది. అక్కినేని సినిమాకో, రామారావు సినిమాకో టిక్కెట్టు కొనుక్కున్న మన తాతలు అసలు బొమ్మ మొదలయ్యేలోగా ఆనకట్టలను, ఉక్కు కొలిములను, వరదబాధితులను, విదేశీ అతిథులను చూశారు. నిప్పుల ధారగా పారే ద్రవలోహం, ఆ వెలుగులో మెరిసే కార్మికుని ముఖం, వెనుక గంభీరమైన కంఠం. నవభారతమంటే ఒక తరానికి గుర్తొచ్చేది ఈ వరుసే.

ఆ దృశ్యంలో లేనివి కూడా ఉన్నాయి. ఆ కొలిమికి కావలసిన ఇనుప ఖనిజం దక్షిణాన, దాదాపు 90 కిలోమీటర్ల దూరంలోని దల్లి రాజహరా గనుల నుంచి వచ్చేది. అక్కడి అనేక గనుల్లో పని యంత్రాలతో సాగలేదు. ఆడా మగా సుత్తులు, గడ్డపారలు పట్టి రాయి పగలగొట్టి, తట్టలతో మోసి, లారీల్లోకి ఎత్తేవారు. వారు ఉక్కు సంస్థ ఉద్యోగులు కారు, కాంట్రాక్టర్ల కింద కూలీలు. ఇక కర్మాగారం కోసం భూములిచ్చిన గ్రామాలు తొంభైకి పైమాటే.

ఇక్కడొక ప్రశ్న. కొలిమి నిజం, లోహం నిజం, కార్మికుని ముఖాన మెరిసిన చెమట నిజం. వార్తాచిత్రంలో అబద్ధమని వేలెత్తి చూపదగిన దృశ్యం ఒక్కటీ లేదు. మరి ఆ చిత్రం నిజం చెప్పిందా?

ఈ ప్రశ్నకు సమాధానం వెదికిన వారిలో అగ్రగణ్యుడు భిలాయ్ పేరైనా వినని ఒక జర్మన్ యూదు తత్త్వవేత్త. 1892లో బెర్లిన్‌లో పుట్టిన వాల్టర్ బెంజమిన్, హిట్లర్ అధికారంలోకి వచ్చిన కొద్ది వారాలకే, 1933 మార్చిలో, స్వదేశం విడిచి పారిస్ చేరాడు. ఉద్యోగం లేదు, సొంత పేరుతో రాసే పత్రికలు ఒక్కొక్కటిగా మూతబడ్డాయి, మిత్రులు పంపే డబ్బుతో అద్దెగదుల్లో జీవనం. ఆ స్థితిలో, 1935 శరత్కాలంలో, యాంత్రిక ప్రతికృతుల యుగంలో కళ ఏమవుతుందన్న వ్యాసాన్ని మొదలుపెట్టాడు. సినిమా గురించి గత శతాబ్దంలో అత్యధికంగా చదివిన వ్యాసాల్లో అదొకటి.

ఆ వ్యాసం అచ్చయిన తీరు ఒక రాజకీయ కథ. 1936లో అది ఫ్రాంక్‌ఫర్ట్ సామాజిక పరిశోధనా సంస్థ పత్రికలో వెలువడింది, కానీ జర్మన్‌లో కాదు, ఫ్రెంచి అనువాదంలో. సంస్థ అప్పటికే న్యూయార్క్‌కు తరలిపోయి ఉంది. ఆతిథ్యమిచ్చిన దేశంలో ఇబ్బంది రాకూడదని సంపాదకులు మార్క్స్ ప్రస్తావనతో మొదలయ్యే తొలి భాగాన్ని తీసేశారు. 'ఫాసిజం' అన్నచోట 'నిరంకుశ రాజ్యం' అన్నారు. 'కమ్యూనిజం' అన్నచోట 'మానవాళి నిర్మాణాత్మక శక్తులు' అని మార్చారు. ప్రామాణికత గురించి రాసిన వ్యాసం ప్రామాణికం కాని ప్రతిగా లోకంలోకి వచ్చింది. ప్రవాసి మాటకు పడే మొదటి కత్తెర ఎప్పుడూ శత్రువుదే కానక్కరలేదు.

జర్మన్ మూలం పుస్తకంగా వెలువడటానికి 1955 దాకా ఆగవలసి వచ్చింది. భిలాయ్ ఒప్పందం కుదిరిందీ ఆ ఏడాదే. అప్పటికి బెంజమిన్ లేడు. 1939లో నాజీలు అతని పౌరసత్వం రద్దు చేశారు. యుద్ధం మొదలు కాగానే ఫ్రెంచి ప్రభుత్వం అతన్ని శత్రుదేశీయుడిగా పరిగణించి నిర్బంధ శిబిరంలో ఉంచింది. విడుదలయ్యాక అమెరికా వీసా సంపాదించగలిగాడు గానీ, ఫ్రాన్స్ దాటి వెళ్లే అనుమతిపత్రం దొరకలేదు. 1940 సెప్టెంబరు 26 రాత్రి, స్పెయిన్ సరిహద్దు పట్టణం పోర్ట్‌బౌలో, వెనక్కి పంపుతారన్న వార్త విని ప్రాణం తీసుకున్నాడు. వయసు 48.

అతని వాదన సారమిది. ఒక శిల్పానికో చిత్రపటానికో అసలంటూ ఒకటుంటుంది. అది ఒక చోట, ఒక కాలంలో ఉంటుంది. దాని ప్రామాణికత ఆ ఉనికిలోంచే వస్తుంది. కళాఖండం చుట్టూ ఉన్న ఆ దూరాన్ని, గర్భగుడిలోని మూర్తి చుట్టూ ఉండే ప్రభ వంటిదాన్ని, యాంత్రిక ప్రతికృతి చెదరగొడుతుంది. ఫోటో నెగటివ్ నుంచి ఎన్ని ప్రతులైనా తీయవచ్చు, వాటిలో ఏది అసలని అడగటంలో అర్థం లేదు. సినిమాకైతే అసలనేదే ఉండదు. అది పుట్టడమే ప్రతిగా పుడుతుంది.

ఇక భ్రాంతి సంగతి. తోలుబొమ్మలాటలో తెరముందు కూర్చున్నవాడికి మాయ, తెరవెనుక ఉన్నవాడికి దీపం, కర్రలు, చేతులు. అంటే మాయ నిలవడానికి తెరముందు ఒక చోటు ఉంది. నాటకానికీ అంతే. సినిమా చిత్రీకరణ జరుగుతున్న చోట మాత్రం అలాంటి స్థానం లేదు. ఎక్కడ నిలబడినా లైట్లు, తీగలు, కెమెరా, సహాయకులు కంటపడతారు. అవేవీ కనిపించని నిర్మలమైన వాస్తవం తెరమీద మాత్రమే ఉంటుంది, అదీ కూర్పు బల్ల మీద ముక్కలు కత్తిరించి అతికించిన తరువాత. అందుచేత సినిమా మాయ రెండో అంతస్తుకు చెందినదని బెంజమిన్ అంటాడు. యంత్రం జాడే లేనట్లు కనిపించే దృశ్యం యంత్రం ప్రవేశం వల్లనే సాధ్యమైంది. అన్నిటికంటె సహజంగా కనిపించేదే అన్నిటికంటె కృత్రిమం.

ఈ మాటను భిలాయ్ వార్తాచిత్రానికి అన్వయించి చూద్దాం. మాయ కొలిమి దృశ్యంలో లేదు, దాని పక్కన ఏ దృశ్యాన్ని అతికించారన్నదానిలో ఉంది. రాష్ట్రపతి చేయి తరువాత ద్రవలోహం, ద్రవలోహం తరువాత రైలుపట్టా, పట్టా తరువాత పరుగెత్తే రైలు. ఈ వరుసలో లోహం రాజ్యసంకల్పం నుంచి పుడుతుంది. రాయి పగలగొట్టిన చేతి నుంచి కాదు. ఆ చేతిని చూపే ముక్కను ఎవరూ నిషేధించలేదు, దానికి ఆ వరుసలో చోటు లేదంతే.

బెంజమిన్ ఇక్కడితో ఆగి ఉంటే అది సినిమా విద్యార్థులకు పాఠంగా మిగిలేది. అతడు మరో అడుగు వేసి రాజకీయం లోకి వచ్చాడు. దారిన పోయే ప్రతి మనిషినీ వార్తాచిత్రం తెరమీద మనిషిగా మార్చగలదని గమనించాడు. కాబట్టి తన పనితో, తన ముఖంతో తెరమీదికి రావడం నేటి మనిషికి న్యాయమైన హక్కు అన్నాడు. ఆ హక్కు నెరవేరిన ఉదాహరణలుగా వెర్తోవ్ తీసిన లెనిన్ చిత్రాన్ని, ఐవెన్స్ 'బొరినాజ్'నూ పేర్కొన్నాడు. రెండోది 1932 సమ్మె అనంతరం బెల్జియం బొగ్గుగని కార్మికుల బతుకు మీద జోరిస్ ఐవెన్స్, ఆన్రీ స్టార్క్ 1933లో తీసిన డాక్యుమెంటరీ. అందులో కార్మికులు మార్క్స్ చిత్రపటం పట్టుకుని నడిచే ఊరేగింపు ఒకటుంది. అది కెమెరా కోసం ఏర్పాటు చేసినది. కానీ నడుస్తున్నవారు నిజమైన గని కార్మికులు. దారిలో జనం కలిశారు, పిడికిళ్లు లేచాయి, ఏర్పాటు చేసిన ఊరేగింపు నిజమైన ప్రదర్శనగా మారింది. దాన్ని బూటకమనాలా, ప్రామాణికమనాలా? అక్కడ నడిచినవారు తమ మాటనే తాము పలికారు. దాని ప్రామాణికత అందులో ఉంది.

దీనికి సరిగ్గా ఎదురుగా 1935లో విడుదలైన లెనీ రీఫెన్‌స్టాల్ 'ట్రయంఫ్ ఆఫ్ ది విల్' నిలుస్తుంది. 1934 న్యూరెంబర్గ్ సభ నిజంగా జరిగింది, లక్షల జనం నిజంగా వచ్చారు. అయితే సభను చిత్రీకరణకు అనువుగా తీర్చిదిద్దారు. అక్కడ జనం ఒక నాయకుని వెనుక నిలిచిన అలంకారం. బెంజమిన్ తన వ్యాసం ముగింపులో చెప్పిన హెచ్చరిక దీని గురించే: ఫాసిజం జనానికి తమను తాము తెరమీద చూసుకునే అవకాశం ఇస్తుంది, ఆస్తి సంబంధాలను మార్చే హక్కు మాత్రం ఇవ్వదు. హక్కు స్థానంలో దృశ్యం ఇస్తుంది. కెమెరా ముందు జరిగే ఈ కొత్త ఎంపికలో నెగ్గుకొచ్చేవారు సినీతారలూ నియంతలూ అని కూడా అతడు గమనించాడు. సినీ నాయకుడు పార్టీ పెట్టిన తొమ్మిది నెలలకే ముఖ్యమంత్రి కావడాన్ని 1983లో చూసిన మనకు ఇందులో మొదటి సగాన్ని వివరించనక్కరలేదు. అది ఓటు ద్వారా వచ్చిన అధికారం, దాన్ని నియంతృత్వంతో కలపడం అన్యాయం. కానీ తెరకూ గద్దెకూ మధ్య దూరం ఎంత తక్కువో ఆ ఎన్నిక మనకు నేర్పింది.

నెహ్రూ భారతం నాజీ జర్మనీ కాదు. భిలాయ్ నిర్మాణం బూటకమూ కాదు. ఉత్తరాంధ్ర నుంచి, కేరళ నుంచి, బిహార్ నుంచి, పంజాబ్ నుంచి వెళ్లిన వేల కుటుంబాలకు అది ఉద్యోగం, క్వార్టర్, బడి, ఆసుపత్రి ఇచ్చింది. కులం అడగకుండా పక్కపక్క ఇళ్లలో ఉంచింది. దేశంలోని రైలుపట్టాల్లో సింహభాగం అక్కడే తయారయింది. అయితే హక్కు స్థానంలో దృశ్యం ఇవ్వడం అనే జబ్బు ప్రజాస్వామ్యాలకు సోకదని ఎవరూ హామీ ఇవ్వలేదు. 1990ల నుంచి భిలాయ్‌ని అధ్యయనం చేసిన మానవశాస్త్రవేత్త జోనథన్ ప్యారీ, 2020లో వెలువడిన తన బృహద్గ్రంథంలో, అక్కడి శ్రామికులు తమ బతుకును రెండు హిందీ మాటలతో విభజించి చెప్పుకుంటారని చూపించాడు. భద్రత ఉన్నది 'నౌకరీ', భద్రత లేనిది 'కామ్'. వార్తాచిత్రం చూపిన కార్మికుడు నౌకరీ ఉన్నవాడు. కామ్ చేసేవాడు కెమెరా బయట నిలబడ్డాడు.

బయట నిలబడ్డవారు 1977లో లోపలికి వచ్చారు. ఒకప్పుడు భిలాయ్ కర్మాగారంలోనే పనిచేసి ఉద్యోగం పోగొట్టుకున్న శంకర్ గుహా నియోగి, ఎమర్జెన్సీ జైలు నుంచి బయటికి వచ్చి, దల్లి రాజహరాలో కాంట్రాక్టు గని కార్మికుల సంఘాన్ని నడిపించాడు. ఆ ఏడాది జూన్ 2, 3 తేదీల్లో పోలీసు కాల్పుల్లో 11 మంది మరణించారు. ఎమర్జెన్సీని ఓడించిన ఓటర్ల సంబరం ఇంకా చల్లారని నెలలవి. ఆ మృతుల జ్ఞాపకార్థం కార్మికులు తమ చందాలతో, తమ శ్రమతో కట్టుకున్న షహీద్ ఆసుపత్రి 1983 జూన్ 3న ప్రారంభమైంది.

నియోగి తరువాత భిలాయ్ ప్రైవేటు కర్మాగారాల కాంట్రాక్టు కార్మికుల వైపు తిరిగాడు. 1991 సెప్టెంబరు 28 తెల్లవారుజామున, భిలాయ్‌లోని ఇంట్లో నిద్రపోతుండగా అతన్ని కాల్చి చంపారు. తన ప్రాణానికి ముప్పు ఉందని చెబుతూ అతడు ముందే ఒక ఆడియో కేసెట్‌లో మాట్లాడి ఉంచాడు. మనిషి పోయాడు, అతని గొంతు ప్రతికృతిగా మిగిలింది. ఆ కేసెట్ న్యాయస్థానాల ముందుకు వెళ్లింది. 1997లో కింది కోర్టు పారిశ్రామికవేత్తలు సహా పలువురికి శిక్ష వేసింది, మరుసటి ఏడాది హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. 2005లో సుప్రీంకోర్టు కాల్పులు జరిపిన వ్యక్తికి యావజ్జీవ శిక్ష విధించి, మిగతావారి విడుదలను సమర్థించింది. ఇది న్యాయప్రక్రియ, దాని తీర్పు దానిది. నేను గమనించమంటున్నది మరొకటి. కొలిమి దృశ్యాన్ని దేశమంతటా విధిగా చూపించిన వ్యవస్థ ఈ గొంతును ఎక్కడా వినిపించలేదు. 1992 జూలై 1న భిలాయ్ పవర్‌హౌస్ స్టేషన్ వద్ద పట్టాలపై కూర్చున్న కార్మికులపై కాల్పులు జరిగి పదిహేను మందికి పైగా చనిపోయారు. వారు కూర్చున్నది పట్టాల మీద, ఆ ఊరికి పేరు తెచ్చిన వస్తువు మీద. ఆ దృశ్యానికీ దేశ స్మృతిలో చోటు దొరకలేదు.

ఈ చరిత్రలో కెమెరాయే నిందితుల వరుసలోకి వచ్చిన ఘట్టం 2008లో జరిగింది. ప్యారీ పరిశోధనలో సహచరుడిగా పనిచేసిన భిలాయ్ డాక్యుమెంటరీ దర్శకుడు అజయ్ టి.జి.ని ఆ ఏడాది మేలో ఛత్తీస్‌గఢ్ ప్రత్యేక ప్రజా భద్రతా చట్టం కింద అరెస్టు చేశారు. 2004 ఎన్నికల వేళ దంతెవాడ ప్రాంతంలో నిజనిర్ధారణకు వెళ్లినప్పుడు మావోయిస్టుల పక్షాన ఉన్న యువకులు అతని కెమెరా లాక్కున్నారు. దాన్ని తిరిగి ఇమ్మని అతడు రాసిన ఉత్తరమే కేసుకు ఆధారమైంది. ఒక పక్షం కెమెరా గుంజుకుంది, మరో పక్షం కెమెరా అడిగినందుకు జైల్లో పెట్టింది. గడువులోగా అభియోగపత్రం దాఖలు కాకపోవడంతో అతడు ఆగస్టులో బెయిలుపై విడుదలయ్యాడు. సాయుధులైన ఇద్దరూ కెమెరా విలువను సరిగ్గానే గ్రహించారు. తన్ను తాను చూపించుకునే హక్కు సామాన్యుని చేతికి వస్తే ఎవరి వార్తాచిత్రమూ చెల్లదని ఇరువురికీ తెలుసు.

తొమ్మిదేళ్ల తరువాత అదే ఖనిజపు నేలమీద ఒక కథాచిత్రం ఈ మొత్తం వ్యవహారాన్ని తెరకెక్కించింది. అమిత్ మసూర్కర్ 'న్యూటన్' చిత్రీకరణ దల్లి రాజహరా పరిసర అడవుల్లో జరిగింది. 2017లో దాని తొలి ప్రదర్శన జరిగిన నగరం బెర్లిన్, బెంజమిన్ పుట్టి పారిపోవలసి వచ్చిన ఊరు. దండకారణ్యంలోని ఒక పల్లెలో పోలింగ్ జరపడానికి వెళ్లిన చిన్న ఉద్యోగి కథ అది. ఓటర్లు రారు. విదేశీ విలేకరిని వెంటబెట్టుకుని పోలీసు ఉన్నతాధికారి వస్తున్నాడని తెలియగానే భద్రతా దళాలు గ్రామస్థులను ఇళ్ల నుంచి తోలుకొచ్చి వరుసలో నిలబెడతాయి. కెమెరాలో పడినది నిజమైన వరుస, నిజమైన ఓటర్లు, నిజమైన యంత్రం. ప్రజాస్వామ్యం ఒక్కటే అక్కడ లేదు. కల్పిత కథ తనలోని మాయను ఒప్పుకుంటుంది కాబట్టి వార్తాచిత్రం దాచిన కత్తెరను అది చూపించగలిగింది.

బెంజమిన్‌లో లోపం లేదని కాదు. సోవియట్ సినిమా మీద అతడు పెట్టుకున్న నమ్మకం నిలవలేదు. అతడు మెచ్చుకున్న వెర్తోవ్ లెనిన్ చిత్రాన్నే స్టాలిన్ కాలంలో, 1938లో, మళ్లీ కూర్చారు. శ్రామికుని పేరిట ఏర్పడిన రాజ్యం కూడా కత్తెరను శ్రామికుని చేతికివ్వలేదు. ఆ రాజ్యమే భిలాయ్‌కి కొలిమినిచ్చింది, కొలిమిని గొప్పగా చూపించే పద్ధతి కూడా ఉభయులకూ ఉమ్మడిదే. మాయను కత్తెర చేస్తుందన్న అతని విశ్లేషణ మాత్రం అతని ఆశకంటె ఎక్కువ కాలం బతికింది.

ఫిల్మ్స్ డివిజన్ 2022లో మరో సంస్థలో విలీనమైంది. విధిగా చూడవలసిన వార్తాచిత్రం పోయింది, దాని పద్ధతి పోలేదు. ప్రారంభోత్సవాలకు వెళ్లే మా వృత్తివారికి ఇది తెలుసు. కెమెరాలకు కేటాయించిన చోటి నుంచి చూస్తే రిబ్బను, చేయి, చిరునవ్వు చక్కగా కుదురుతాయి. నిర్వాసితులు నిలబడిన గేటు అక్కడినుంచి కనిపించదు. ఆ ఫోటో అబద్ధం కాదు. దాన్ని పత్రికకు పంపే మేము అబద్ధం చెప్పామని ఎవరూ రుజువు చేయలేరు. సరిగ్గా ఇందుకే బెంజమిన్ అవసరం. బొమ్మ నిజమా అబద్ధమా అన్న తనిఖీ ఈ కాలానికి ఎంతో అవసరం, కానీ అదొక్కటే చాలదు. ఈ బొమ్మలో ఉన్న మనిషికి దీన్ని ఆపే, మార్చే, తనదైన మరో బొమ్మ చూపే హక్కు ఉందా అన్నది రెండో ప్రశ్న. చేతిలో ఫోను ఉన్నంత మాత్రాన ఆ హక్కు వచ్చినట్లు కాదని 2008 నాటి కేసు చెబుతుంది.

దల్లి రాజహరాలో ఏటా జూన్ 3న కార్మికులు తమ మృతులను స్మరించుకుంటారు. వారికి వార్తాచిత్రం లేదు. తమ డబ్బుతో కట్టుకున్న ఆసుపత్రి ఉంది. అక్కడ రోగులకు వైద్యం అందుతూనే ఉంది.